పెన్షన్‌తో పాటు ఒక మనిషిని పంపండి

సౌత్ ఈస్టర్న్ రైల్వే జనరల్ మేనేజర్ గారికి,
గార్డెన్‌రీచ్, కోల్‌కతా.

అయ్యా,

సంత్రాగాఛి రైల్వే కాలనీలోనూ, రిటైరయ్యాక జగాఛా, రామరాజాతలా వైపు చిన్న చిన్న ఇళ్లు కట్టుకుని ఉండిపోయిన కుటుంబాల్లోనూ పెద్దవాళ్లను చూసుకుంటున్నవాళ్ల తరఫున ఈ ఉత్తరం రాస్తున్నాను. వాళ్లలో నేనూ ఒకదాన్ని. మా మావయ్యగారు ఇక్కడి యార్డులో బోగీలు బాగుచేసే పనిలో జీవితమంతా గడిపి రిటైరయ్యారు. ఎనభై దాటాయి. జ్ఞాపకం పోయే జబ్బు.

అడగదలచింది ముందే అడిగేస్తాను. కాలనీలో ఒక గది కావాలి. పగలు కొన్ని గంటల పాటు పెద్దవాళ్లను అక్కడ కూర్చోబెట్టుకుని కనిపెట్టి ఉండే ఇద్దరు మనుషులు కావాలి. మంచం పట్టినవాళ్ల ఇంటికి వారానికొకసారి వచ్చే నర్సు కావాలి. ఇవి ఎందుకో, ఎలా వీలవుతాయో చెబుతాను.

మేం ఇక్కడికి ఎలా వచ్చామో మీ జోన్ చరిత్రే చెబుతుంది. 1887లో పుట్టిన బెంగాల్ నాగపూర్ రైల్వేని మా పెద్దలు ఇప్పటికీ బీయెన్నార్ అనే అంటారు. 1955లో సౌత్ ఈస్టర్న్ రైల్వే వచ్చింది. 2003లో ఈస్ట్ కోస్ట్ రైల్వే విడిపోయేదాకా వాల్తేరు డివిజన్ మీ కిందే ఉండేది. అందుకే సోంపేట, పలాస, చీపురుపల్లి కుర్రవాళ్లకు రైల్వే ఉద్యోగం దొరికిందంటే ఖరగ్‌పూర్‌కో, సంత్రాగాఛికో, గార్డెన్‌రీచ్‌కో పెట్టె సర్దుకోవడమే. అలా వచ్చినవాళ్లు పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని ఇక్కడే చదివించారు, ఇక్కడి కందగడ్డను పులుసు పెట్టుకున్నారు. ఊళ్లో పొలం అన్నదమ్ములకు వదిలేశారు. ఇప్పుడు వెనక్కి వెళ్లడానికి అక్కడ ఇల్లు లేదు. పిల్లల్లో సగం మంది బెంగళూరు, హైదరాబాదుల్లో ఉన్నారు. ఊళ్లో అయితే ఒక పూట పెద్దాయన దగ్గర కూర్చోమని పక్కింటి పిన్నిని అడగొచ్చు, తోటికోడలికి చెప్పి సంతకు వెళ్లిరావచ్చు. ఆ చుట్టరికమంతా ఆరు వందల కిలోమీటర్లకు అవతల ఉంది.

ఇంట్లో ఏం జరుగుతుందో చెప్పాలి, ఎందుకంటే ఏ ఫైల్లోనూ ఇది ఉండదు. మా మావయ్యగారు అర్ధరాత్రి లేచి కూర్చుంటారు. "డూటీకి టైమైపోనాది, కేరేజీ కట్టీసినావా?" అని అత్తయ్యను అడుగుతారు. ఇవాళ సెలవంటే ఊరుకోరు. చొక్కా వేసుకుంటారు, తలుపు గడియ తీయబోతారు. బయట కోనా ఎక్స్‌ప్రెస్‌వే, రాత్రంతా లారీలు. అందుకని ఇంట్లో ఎవరో ఒకరు మెలకువగా ఉండాలి. తెల్లారాక స్నానం, బట్టలు మార్చడం, ముద్ద మింగారో లేదో చూడటం. బీపీ, మోకాళ్ల నొప్పులున్న అత్తయ్య ఆయన్ని లేపి కూర్చోబెడుతుంది. ఇక్కడ చాలా ఇళ్లలో చూసుకునే మనిషికీ డెబ్బై దాటాయి. నడుం పట్టేసినా, షుగరు పెరిగినా తన డాక్టరు దగ్గరికి వెళ్లదు. ఆ పూట ఆయన్ని ఎవరు చూస్తారు? మా కాలనీలో ఒకామె భర్తను చూసుకుంటూ తన కంటి ఆపరేషన్ వాయిదా వేస్తూ వచ్చింది. ఇప్పుడు ఇద్దరికీ చెయ్యి పట్టుకుని నడిపించే మనిషి కావాలి.

ఆయా సెంటర్ నుంచి ఆయాను పెట్టుకోవచ్చు కదా అంటారు. కొందరం పెట్టుకున్నాం. పన్నెండు గంటల డ్యూటీకి ఇచ్చే రోజుకూలీ నెల తిరిగేసరికి పెన్షన్‌లో పెద్ద భాగాన్ని తినేస్తుంది. ఆ అమ్మాయిల తప్పేమీ లేదు, వాళ్ల కష్టానికి అది ఎక్కువ కూడా కాదు. ఇంకో ఇబ్బంది ఉంది. మావయ్యగారు ముప్పై ఏళ్లకు పైగా తోటివాళ్లతో బెంగాలీలో నవ్వుతూ మాట్లాడిన మనిషి. ఇప్పుడు ఆయా బెంగాలీలో నీళ్లు తాగుతారా అంటే శూన్యంగా చూస్తారు. అత్తయ్య తెలుగులో అడిగితే నోరు తెరుస్తారు. హైదరాబాదు నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం 648 మంది రోగులను పరిశీలించి 2013లో ఒక మంచి మాట చెప్పింది: ఒకటికి మించి భాషలు మాట్లాడేవాళ్లలో జ్ఞాపకం పోయే జబ్బు సగటున నాలుగున్నర ఏళ్లు ఆలస్యంగా బయటపడింది. రైల్వే కాలనీలో మూడు భాషలతో బతికిన మావాళ్లకు ఆ మేలు జరిగిందేమో. కానీ జబ్బు వచ్చి ముదిరాక చాలామందిలో పెద్దయ్యాక నేర్చినవి ముందు జారిపోతాయి. పసితనంలో అమ్మ దగ్గర విన్నదే చివరిదాకా ఉంటుంది. అందుకే ఆ గదిలో ఉండే ఇద్దరిలో ఒకరికైనా తెలుగు రావాలని అడుగుతున్నాం. 2020 డిసెంబరులో పశ్చిమ బెంగాల్ ప్రభుత్వం తెలుగుకు అధికార భాష గుర్తింపు ఇవ్వడానికి ఆమోదం తెలిపింది. ఆ గౌరవం మా పెద్దవాళ్ల మంచం దాకా కూడా రావాలి.

రైల్వే మాకు ఏమీ చేయలేదని నేను అనను. అలా అంటే నా నోరు పడిపోతుంది. నెల తిరగ్గానే పెన్షన్ వస్తోంది. రిటైరైనవాళ్ల వైద్య పథకం ఉంది, ఉమీద్ అనే వైద్య కార్డు ఉంది, గార్డెన్‌రీచ్‌లో పెద్దాసుపత్రి ఉంది. ఇంత ఏర్పాటు లేని కుటుంబాలు మా పక్కనే ఉన్నాయి. వాళ్ల సంగతి కూడా చెబుతాను.

ముందు మీ పెన్షన్ నిబంధన ఒకటి గుర్తుచేస్తాను. ఎనభై నిండగానే మూల పెన్షన్ మీద 20 శాతం అదనంగా వస్తుంది. 85కి 30, 90కి 40, 95కి 50 శాతం. నూరేళ్లు నిండితే మూల పెన్షన్‌కు సమానంగా మరో పెన్షన్. ఆ వయసులో మనిషికి ఖర్చూ పెరుగుతుంది, ఆసరా అవసరమూ పెరుగుతుందని ఒప్పుకున్నాకే కదా ఈ పెంపు పెట్టారు! అంటే ఎవరికి ఏ రోజున ఎనభై నిండుతాయో మీ కార్యాలయానికి ముందే తెలుసు. కొత్తగా సర్వే అక్కర్లేదు. ఆ రోజున బ్యాంకులో అంకె మారడంతో పాటు ఎవరైనా ఒకరు ఇంటి తలుపు తట్టి, "అమ్మా, ఈయన్ని ఎవరు చూసుకుంటున్నారు? మీ ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగితే చాలు. సంత్రాగాఛిలో ఎంతమంది అలసిపోయి ఉన్నారో కొద్ది నెలల్లో తెలిసిపోతుంది. చూసుకునే మనిషి పేరు కూడా పెన్షన్ ఫైల్లో ఎక్కాలి.

సాయం చేసే మనిషికి ఖర్చవుతుందని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకుంది. ఉద్యోగంలో ఉండగా నూటికి నూరు శాతం వైకల్యం వచ్చి రిటైరైనవాళ్లకు, ఎప్పుడూ పక్కన ఒకరు ఉండాల్సి వస్తే, ప్రత్యేక భత్యం ఉంది. ఏడో వేతన సంఘం తర్వాత 2017లో దాన్ని నెలకు 6,750 రూపాయలు చేశారు. పక్షవాతంతో మంచం పట్టిన ఎనభై ఏళ్ల ట్రాక్‌మన్‌కూ అదే అవసరం. ఈ నిబంధన మార్చడం మీ చేతిలో లేదు, అది ఢిల్లీలో తేలాలి. కానీ మీ సంతకంతో రైల్వే బోర్డుకు వెళ్లే సిఫార్సుకు ఉన్న బరువు మా వినతిపత్రానికి ఉండదు.

ఇప్పుడు డ్యూటీలో ఉన్న మా పిల్లల సంగతి. పిల్లల్ని పెంచడానికి మహిళా ఉద్యోగులకు సర్వీసు మొత్తంలో 730 రోజుల సెలవు ఉంది. ఎంతో మంచి ఏర్పాటు. తల్లిదండ్రుల్ని చూసుకోవడానికి మాత్రం అలాంటి ప్రత్యేక సెలవు లేదు. 2025 జూలైలో రాజ్యసభలో ప్రశ్న వస్తే, ఉన్న 30 రోజుల ఆర్జిత సెలవును, మిగతా మామూలు సెలవులను దానికి వాడుకోవచ్చని మంత్రి జవాబిచ్చారు. సెలవు మాట అలా ఉంచండి, రోస్టరు మాట మీ అధికారుల చేతిలోనిదే. ఇంట్లో మంచం పట్టిన తండ్రి ఉన్న ఒక్క కొడుకుకు వరస నైట్ డ్యూటీలు పడకుండా చూడగలరు. దానికి రూపాయి ఖర్చులేదు.

2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం ఉంది కదా అని కొందరు గుర్తుచేస్తుంటారు. ఉంది. వదిలేసిన పిల్లల నుంచి నెలకు 10,000 రూపాయల దాకా భరణం ఇప్పిస్తుంది, లాయరు అక్కర్లేకుండా ట్రిబ్యునల్‌కు వెళ్లొచ్చు. వదిలేసినవాళ్ల మీద ఆ చట్టం పనిచేస్తుంది. వదలకుండా, అరిగిపోతూ చూసుకుంటున్నవాళ్ల కోసం అందులో ఏముంది? పెద్దల హెల్ప్‌లైన్ 14567కు ఫోన్ చేస్తే సలహా చెబుతారు, దారి చూపిస్తారు. ఆ నంబరు ప్రతి క్వార్టరు తలుపు మీదా అంటించాలి. అయితే రాత్రి పడిపోయిన మనిషిని లేపడానికి ఫోను చాలదు.

ఇది ఎక్కడా లేని కోరిక కాదు. కోళికోడ్‌లో 1993లో కొందరు డాక్టర్లు, వాలంటీర్లు కలిసి నొప్పితో బాధపడేవాళ్ల కోసం ఒక సొసైటీ పెట్టారు. ఇరుగుపొరుగువాళ్లే శిక్షణ తీసుకుని ఇళ్లకు వెళ్లడం మొదలుపెట్టారు. 2008లో కేరళ ప్రభుత్వం దాన్ని విధానంగా తీసుకుంది. ఇప్పుడు అక్కడ పంచాయతీ నర్సు మంచం పట్టినవాళ్ల ఇంటికే వస్తుంది. ఆమె వచ్చి చేసేవి మామూలు పనులే: పుండు కడిగి కట్టు కట్టడం, ట్యూబుతో ఆహారం ఎలా పట్టాలో, ఒత్తిగిలిపెట్టేటప్పుడు తుంటి కింద ఏం సర్దాలో కోడలికి చేసి చూపించడం. ఒకసారి ఎవరైనా చేసి చూపిస్తే వీపు మీద పుండ్లు పడేదాకా రాదు. మాకు ఎవరూ చూపించలేదు. నేను ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకున్నాను. గంగ అవతల కోల్‌కతా పోలీసులు 2009 నుంచి ప్రణామ్ పేరుతో ఒంటరి వృద్ధులను పలకరిస్తున్నారు. 1988లో పెట్టిన వృద్ధాప్య శాస్త్ర సంస్థ, డిమెన్షియా రోగుల కుటుంబాలతో పనిచేసే అల్జీమర్స్ సొసైటీ శాఖ కోల్‌కతాలోనే ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి పిలుపు వెళ్తే శిక్షణకు మనుషులు దొరకకపోరు.

మందుల విషయం కూడా ఒకటుంది. ఒక ఆసుపత్రిలో, పేరు చెప్పను, పాత చీటీలో మందులే మళ్లీ రాయడానికి రోగిని కళ్లారా చూడాలన్నారు. మావయ్యగారిని వీల్‌చైర్‌లో, ట్యాక్సీలో, విద్యాసాగర్ సేతు ట్రాఫిక్‌లో తీసుకెళ్లాం. దారిలోనే బట్టలు పాడయ్యాయి, ఆయన సిగ్గుతో ఏడ్చారు. జ్ఞాపకం పోయినా సిగ్గు పోలేదు. కదలలేనివాళ్ల మందులు ఇంటివాళ్ల చేతికి ఇవ్వాలని, డాక్టరు ఫోన్లో చూసినా చాలని మీ జోన్ అంతటికీ ఒకే ఉత్తర్వు ఇవ్వండి.

పెన్షన్ లేనివాళ్ల గురించి చెబుతానన్నాను. కాంట్రాక్టు కింద యార్డులో బోగీలు కడిగినవాళ్లు, క్వార్టర్లలో అంట్లు తోమినవాళ్లు, మిల్లుల్లో పనిచేసి ముసలివాళ్లయినవాళ్లు మా మధ్యే ఉన్నారు. వాళ్లకు ప్రభుత్వమిచ్చే వృద్ధాప్య పెన్షన్ తప్ప ఇంకేమీ లేదు. మీరిచ్చే గదిలోకి వాళ్లనీ రానివ్వండి. ఉమీద్ కార్డు అడిగి గుమ్మంలో ఆపొద్దు. తెలుగువాళ్లకే అని కూడా మేం అనడం లేదు. బెంగాలీ, ఒడియా, బీహారీ పెద్దవాళ్లూ అక్కడే కూర్చుంటారు, యార్డులో కలిసి పనిచేసినవాళ్లే కదా.

గది మీరు చూపించండి. ఊడ్చి సున్నం వేయించుకోవడం, కుర్చీలు, చాపలు తెచ్చుకోవడం, మధ్యాహ్నం గంజో పెరుగన్నమో వండి పెట్టడం మేం చూసుకుంటాం. వంతులవారీగా వచ్చి కూర్చోవడానికి మా వీధి ఆడవాళ్లు, రిటైరైన ఒక నర్సమ్మ ఒప్పుకున్నారు. జీతమిచ్చి ఇద్దరిని పెట్టడం, నర్సును పంపడం మాత్రం మా వల్ల కాదు, అది మీరే చేయాలి. మీరు గానీ, మీ వెల్ఫేర్ ఇన్‌స్పెక్టరు గానీ ఒక ఆదివారం కాలనీకి రండి. మమ్మల్ని గార్డెన్‌రీచ్ రమ్మంటే ఇద్దరం ముగ్గురం రాగలం, మిగతావాళ్లు ఇల్లు వదిలి కదలలేరు.

ఇట్లు,
సంత్రాగాఛిలో ఒక పెన్షనరు ఇంటి కోడలు