ఒకటో తారీఖున గడప దగ్గరే మొదలుపెట్టొచ్చు

తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రాంత ప్రజలకు, ప్రజాప్రతినిధులకు, ఆరోగ్యశాఖ అధికారులకు మనవి.

ప్రతి నెలా ఒకటో తారీఖున సచివాలయం ఉద్యోగి పింఛను డబ్బుతో పెద్దవాళ్ల గడప తొక్కుతారు. వేలిముద్రో ముఖమో సరిచూసుకుని డబ్బు చేతిలో పెట్టి వెళతారు. బీపీ, షుగరు సర్వే కోసం ఆశా కార్యకర్త కూడా అదే ఇంటికి వస్తుంది. ఆమె నింపే ఫారంలో అరవై దాటినవాళ్లకు ప్రత్యేకంగా కొన్ని ప్రశ్నలున్నాయి. దగ్గరివాళ్ల పేర్లు గానీ సొంత ఇంటి చిరునామా గానీ మరిచిపోతున్నారా అన్నది వాటిలో ఒకటి. అవునంటే మెడికల్ ఆఫీసరు దగ్గరికి పంపాలని ఆ ఫారమే చెబుతోంది. అంటే అడగాల్సిన ప్రశ్నను ప్రభుత్వం ఇప్పటికే అడుగుతోంది. అవును అన్న మనిషికి ఆ తర్వాత ఏం జరగాలన్నదే మా విషయం. తెనాలి, బాపట్ల, రేపల్లె ప్రభుత్వాసుపత్రుల్లో వారానికి ఒక రోజు జ్ఞాపకశక్తి పరీక్షలకు కేటాయించాలి. డిమెన్షియా (మతిమరుపు జబ్బు) ఉందని తేలినవాళ్ల ఇళ్లలో జ్ఞాపకానికి ఊతమిచ్చే సాధనాలు ఏర్పాటు చేసి, వాటి వాడకం అలవాటయ్యేదాకా నేర్పించాలి. మా కోరిక ఇదే.

ఇది పదిమందికో ఇరవైమందికో సంబంధించిన సంగతి కాదు. దేశమంతటా జరిగిన లాసీ-డాడ్ అధ్యయనం ఫలితాలు 2023లో వెలువడ్డాయి. అరవై దాటినవాళ్లలో 7.4 శాతం మందికి, అంటే సుమారు 88 లక్షల మందికి డిమెన్షియా ఉందని అంచనా వేసింది. మగవాళ్లకన్నా ఆడవాళ్లలో, పట్నాలకన్నా పల్లెల్లో ఎక్కువని తేల్చింది. డెల్టా ఊళ్లలో పిల్లలు హైదరాబాదులోనో అమెరికాలోనో స్థిరపడితే ఇంట్లో ముసలి దంపతులో, ఒంటరి తల్లో మిగిలిన ఇళ్లు ఎన్ని ఉన్నాయో అందరికీ తెలుసు. ఆదివారం ఫోనులో కొడుక్కి తేడా తెలియదు. పాత సంగతులు తల్లి చక్కగా చెబుతుంది కాబట్టి అంతా బాగానే ఉందనుకుంటాడు. పొద్దున వేసుకున్న బీపీ బిళ్ల మళ్లీ వేసుకోవడం, పొయ్యి మీద పాలు మాడిపోవడం, ఊరి మధ్య కాలువలు పారే తెనాలిలాంటి చోట చీకటిపడ్డాక దారి తప్పడం ఫోనులో వినిపించవు. పక్కింటివాళ్లు గమనించినా చాదస్తం అనుకుని ఊరుకుంటారు. ఇలా మొదటి రెండు మూడేళ్లు చేజారిపోతాయి. అసలు పని జరగాల్సింది ఆ ఏళ్లలోనే.

ఎందుకో మనస్తత్వ శాస్త్రవేత్తల పరిశోధన చెబుతుంది. జ్ఞాపకం ఒకే ముద్ద కాదు. 1953లో అమెరికాలో హెన్రీ మొలైసన్ అనే యువకుడికి మూర్ఛ తగ్గించడానికి మెదడుకు ఆపరేషన్ చేశారు. అప్పటినుంచి అతనికి కొత్త సంగతులు గుర్తుండేవి కావు. అయినా అద్దంలో చూస్తూ నక్షత్రం బొమ్మ గీయడం మనస్తత్వ శాస్త్రవేత్త బ్రెండా మిల్నర్ అతనికి నేర్పితే, రోజురోజుకూ చెయ్యి తిరిగింది. నిన్న గీసినట్టు అతనికి గుర్తులేదు. చేతికి మాత్రం పట్టుబడింది. సంఘటనల జ్ఞాపకం, చేతి అలవాటు వేర్వేరని అక్కడ తేటతెల్లమైంది. డిమెన్షియాలో, ముఖ్యంగా అల్జీమర్స్‌లో, ముందు దెబ్బతినేది కొత్త సంగతుల జ్ఞాపకం. అలవాట్లు చాలాకాలం నిలుస్తాయి. నిన్న ఎవరొచ్చారో చెప్పలేని మనిషి రంగస్థల పద్యాన్ని రాగంతో సహా అందుకోగలగడం నాటకాల ఊరు తెనాలికి వింతేమీ కాదు.

చేయాల్సిన పనిని వేళకు గుర్తుచేసుకోవడం మరో రకం జ్ఞాపకం. దానికి బయటి నుంచి ఊతం ఇవ్వవచ్చని బ్రిటన్‌లో బార్బరా విల్సన్ బృందం చూపించింది. మెదడు దెబ్బతిన్న 143 మందికి వేళకు సందేశం పంపే పేజర్ ఇచ్చి పరిశీలించి, 2001లో ఫలితాలు ప్రకటించింది. ఆ ప్రయోగం పూర్తిచేసినవాళ్లలో 80 శాతానికి పైగా రోజువారీ పనులు మునుపటికన్నా బాగా చేసుకోగలిగారు. పేజర్ వెనక్కి తీసుకున్న కొన్ని వారాలకు కూడా చాలామందిలో ఆ మెరుగు నిలిచింది. వాళ్లలో ఎక్కువమంది డిమెన్షియా రోగులు కారు, నిజమే. కానీ సాధనం అలవాటుగా మారితే పనిచేస్తుందన్న సూత్రం ఇక్కడా వర్తిస్తుంది. అలవాటు పడాలంటే ఇంకా నేర్చుకునే శక్తి ఉండగానే మొదలుపెట్టాలి. తొందరగా గుర్తించమని మేం పట్టుబట్టేది అందుకే.

సాధనం అంటే లక్షల రూపాయల యంత్రం కానక్కర్లేదు. పూటకో అర ఉన్న మందుల డబ్బా, వేళకు మోగే అలారం, పెద్ద అంకెల గడియారం, పిల్లల ఫొటో నొక్కితే వాళ్లకే కలిసే ఫోను, జేబులో పేరూ నంబరూ ఉన్న కార్డు చాలు. కష్టమంతా నేర్పడంలో ఉంది. మందుల డబ్బా ఎప్పుడూ ఒకే గూట్లో ఉండాలి. అలారం మోగగానే డబ్బా తెరవడం పక్కన మనిషి ఉండి రోజూ చేయించాలి. గుర్తుందా, చెప్పు చూద్దాం అని పరీక్ష పెట్టకూడదు. తప్పు చెప్పనిస్తే ఆ తప్పే ముద్రపడిపోతుందని, తప్పుకు తావివ్వకుండా నేర్పితే జ్ఞాపకశక్తి బాగా దెబ్బతిన్నవాళ్లు మేలుగా నేర్చుకుంటారని 1994లో మనస్తత్వ శాస్త్రవేత్త ఆలన్ బాడ్లీ, పైన చెప్పిన విల్సన్ చూపించారు. కోడలికో కూతురికో, ఊళ్లోని ఏఎన్ఎంకో ఈ పద్ధతి నేర్పడానికి పెద్ద చదువు అక్కర్లేదు.

మందు లేని జబ్బుకు పరీక్ష దేనికని కొందరు అడుగుతారు. మతిమరుపు అంతా డిమెన్షియా కాదు. థైరాయిడ్ లోపం, బీ12 లోపం, దిగులు జబ్బు, తలకు దెబ్బ తగిలి లోపల గడ్డకట్టిన రక్తం కూడా అలాగే కనిపిస్తాయి. వాటికి వైద్యం ఉంది. పరీక్ష చేయకపోతే నయమయ్యేదాన్ని కూడా వదులుకున్నట్టే. బీపీ, షుగరు, వినికిడి లోపం, చూపు మందగించడం లాంటి 14 కారణాలను అదుపు చేస్తే సుమారు 45 శాతం కేసులను నివారించడమో వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ లెక్కగట్టింది. పేద వృద్ధులకు వినికిడి యంత్రాలు, కళ్లద్దాలు, చేతికర్రలు ఉచితంగా ఇచ్చే రాష్ట్రీయ వయోశ్రీ యోజన 2017 ఏప్రిల్ 1న మన నెల్లూరులోనే మొదలైంది. అలారం ఉన్న మందుల డబ్బాను కూడా అందులో చేర్చమని అడగడం అత్యాశ కాదు.

ఇంకో అభ్యంతరం బరువైనది. ఇంగ్లండులో 495 మంది డిమెన్షియా రోగులతో అట్టిలా అనే పెద్ద పరీక్ష జరిగింది. కొందరి ఇళ్లలో సెన్సర్లతో సహా పూర్తి స్థాయి పరికరాలు పెట్టారు, మిగతావాళ్లకు మామూలు అలారాలు ఇచ్చారు. 2021లో వచ్చిన ఫలితాల ప్రకారం పూర్తి పరికరాల వల్ల ఎక్కువ కాలం సొంతింట్లో ఉండగలిగిందేమీ లేదు. ఈ ఫలితాన్ని దాచి మేం మాట్లాడం. దాన్నిబట్టే అడుగుతున్నాం. పెట్టెల కొద్దీ పరికరాలు కొని పంచిపెట్టే పథకం మాకొద్దు. ఏ ఇంటికి ఏది కావాలో చూసి, కనీసం మొదటి కొన్ని వారాలు వచ్చి నేర్పే మనిషి కావాలి. ఎక్కడున్నారో చెప్పే జీపీఎస్ పరికరం విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. ఆ మనిషికి తెలివి నిలకడగా ఉన్నప్పుడే అడిగి, ఒప్పుకుంటేనే పెట్టాలి. తల్లిదండ్రుల మీద నిఘా పెట్టే హక్కు పిల్లలకు కూడా దానంతటదే రాదు.

చదువురాని పల్లె జనాన్ని పరీక్షించేదెవరు, ప్రతి ఊరికీ న్యూరాలజిస్టు వస్తాడా అంటారు. హైదరాబాదు నిమ్స్‌లోని మెమరీ క్లినిక్‌కు వచ్చిన 648 మంది రోగుల వివరాలతో డాక్టర్ సువర్ణ అల్లాడి బృందం 2013లో ఒక అధ్యయనం ప్రచురించింది. రెండు భాషలు మాట్లాడేవాళ్లకు ఒకే భాష తెలిసినవాళ్లకన్నా సుమారు నాలుగున్నరేళ్లు ఆలస్యంగా డిమెన్షియా వచ్చిందని తేలింది. అక్షరం రానివాళ్లలోనూ ఆ తేడా కనబడింది. అంటే అక్షరం రానివాళ్లను పరీక్షించే పద్ధతి మన తెలుగు నేలమీదే ఎప్పుడో నడిచింది. భారత వైద్య పరిశోధన మండలి తయారుచేయించిన పరీక్షల సంపుటి తెలుగులోనూ ఉంది. కర్ణాటక 2022లో నిమ్హాన్స్ వైద్య సంస్థతో కలిసి మెదడు ఆరోగ్య కార్యక్రమం మొదలుపెట్టి, కోలారు లాంటి జిల్లాల్లో మామూలు డాక్టర్లకే శిక్షణ ఇచ్చింది. గుంటూరు వైద్య కళాశాల, మంగళగిరి ఎయిమ్స్ మనకు ఇంత దగ్గరలో ఉండగా ఆ శిక్షణ మనవాళ్లకు అందకపోవడానికి కారణం లేదు.

అమ్మానాన్నలను చూసుకోవడం ఇంటి బాధ్యతే కదా, సర్కారును లాగడమెందుకని అనేవాళ్లూ ఉంటారు. చూసుకునేవాళ్లు చూసుకుంటూనే ఉన్నారు. చాలా ఇళ్లలో ఆ భారం ఒక్క ఆడమనిషి మీదే పడుతోంది. ఎలా చూసుకోవాలో ఆమెకు చెప్పినవాళ్లు మాత్రం లేరు.

మీ ఊళ్లో ఆశా కార్యకర్త ఫారం నింపేటప్పుడు మరుపు గురించిన ప్రశ్నను దాటవేయకుండా అడగమనండి. ఇంట్లో వాళ్లు సిగ్గుపడకుండా జవాబు చెప్పాలి. గ్రామసభలో ఈ మూడు ఆసుపత్రుల పేర్లతో తీర్మానం చేయించండి. తెనాలి వాళ్లు గుంటూరు కలెక్టరేటులో, బాపట్ల, రేపల్లె వాళ్లు బాపట్ల కలెక్టరేటులో సోమవారం జరిగే ప్రజా సమస్యల పరిష్కార వేదికలో ఆ తీర్మానం ప్రతితో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి.