మీట మీది అక్షరాన్ని నమ్మవద్దు

వార్షికోత్సవ సంచికకు కంప్యూటర్ గురించి ఏదైనా రాయమని హాస్టల్ తమ్ముళ్ళు అడిగారు. ఏ కోర్సు చేస్తే ఏ ఉద్యోగం వస్తుందో చెప్పేవాళ్ళు చాలామంది ఉన్నారు. నేను కీబోర్డు గురించి రాస్తాను. ఎందుకంటే నేను తప్పు చేసింది దాని దగ్గరే.

మహబూబ్‌నగర్‌లో చదువుకునే రోజుల్లో మా హాస్టల్ పిల్లల జాబితా కోసం విజువల్ బేసిక్ 6లో ఒక చిన్న ప్రోగ్రాం రాశాను. పేరు పెట్టెలో అంకెలు పడకూడదని కీప్రెస్ ఈవెంటులో కాపలా పెట్టాను. నొక్కిన అక్షరం విలువ 65 నుంచి 90 లోపు గానీ, 97 నుంచి 122 లోపు గానీ ఉంటే రానివ్వాలి. ఖాళీ, చెరిపే మీట తప్ప మిగతావన్నీ బయటికే. దోస్తులందరూ మెచ్చుకున్నారు. ఒకరోజు వార్డెన్ సారు తెలుగు కీబోర్డు పెట్టుకుని ఒక పిల్లవాడి పేరు కొట్టారు. పెట్టె ఖాళీగానే ఉంది. మళ్ళీ కొట్టారు. "ఏందిరా, నీ ప్రోగ్రాముకు మన భాష రాదా?" అన్నారు. కాపలా తీసేసి చూశాను. ఈసారి వరుసగా ప్రశ్నార్థకాలు పడ్డాయి. విజువల్ బేసిక్ 6 మామూలు పెట్టెలకు యూనికోడ్ తెలియదని ఆనాడు నాకు తెలియదు.

టైపు మిషన్‌లో మీట నొక్కితే అచ్చు నేరుగా కాగితం మీద పడుతుంది. కంప్యూటర్‌లో అట్లా కాదు. ఫలానా చోటు మీట కిందికి పోయిందని మాత్రమే కీబోర్డు చెబుతుంది. విండోస్ దాన్ని మొదట 'కీ డౌన్' అనే కబురుగా పంపుతుంది. అప్పుడున్న భాషను బట్టి అక్షరం తయారై 'క్యారెక్టర్' అనే రెండో కబురు వస్తుంది. జావాలో కూడా కీప్రెస్డ్ వేరు, కీటైప్డ్ వేరు. ఆటలో బొమ్మను కుడికి జరపాలంటే మొదటిది చాలు. మనిషి పేరు రాసుకోవాలంటే చాలదు.

1986లో ప్రమాణంగా వచ్చిన ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డులో 'స్త్రీ' అని కొట్టి చూడండి. ఇంగ్లీషు ఎం, డి, ఎల్, డి, జె, ఆర్ మీటలు వరుసగా నొక్కాలి. స, పొల్లు, త, పొల్లు, ర, గుడి దీర్ఘం. ఆరు మీటలు, ఆరు సంకేతాలు, తెర మీద ఒకే అక్షరం. యూటీఎఫ్-8లో దాచితే 18 బైట్లు. ఒక మీటకు ఒక అక్షరం, ఒక అక్షరానికి ఒక బైటు అని లెక్కవేసిన ప్రోగ్రాం ఇక్కడే బోల్తా పడుతుంది. లక్ష్మీనరసమ్మ అనే పేరుకు 39 బైట్లు కావాలి. పెట్టెకు 30 బైట్లే ఇచ్చామనుకోండి, ఆమె పేరు సగంలో తెగుతుంది.

డీటీపీ సెంటర్లలో అను ఫాంట్లతో బాగానే నడిచింది కదా అంటారు కొందరు. నడిచింది, కానీ అది కంటికి మాత్రమే తెలుగు. లోపల ఉన్నవి ఇంగ్లీషు సంకేతాలే. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే పిచ్చిగీతలు. 1991లోనే యూనికోడ్ మొదటి కూర్పులో తెలుగుకు చోటు దొరికింది. 2001లో విండోస్ ఎక్స్‌పీతో గౌతమి ఫాంటు కూడా వచ్చింది. కాబట్టి ఆ తరువాత కూడా నాలాగా 65, 97 అని కాపలా పెట్టడానికి సాకు లేదు.

"మనోళ్ళు పేర్లు ఇంగ్లీషులోనే కొడతారు కదన్నా" అని ఒక తమ్ముడు అన్నాడు. కొడతారు. అక్కడే తంటా అంతా. లక్ష్మి అని తెలుగులో రాసేది ఒకే తీరుగా. ఇంగ్లీషులో ఒకరు ఎక్స్ పెడతారు, ఇంకొకరు కె.ఎస్.హెచ్. పెడతారు. టెన్త్ మెమోలో ఒకటి, కులం సర్టిఫికెట్‌లో ఇంకొకటి. స్కాలర్‌షిప్ ఆగితే తిరిగేది ప్రోగ్రాం రాసినవాడు కాదు. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని తిరిగేది ఆ పిల్ల, వాళ్ళ నాయన.

సెల్‌ఫోన్లు వచ్చాక ఈ మాట ఇంకా గట్టిగా చెప్పాల్సి వస్తోంది. ఫోన్ బ్రౌజర్‌లో తెర మీది కీబోర్డు వాడితే చాలాసార్లు ఏ మీట నొక్కారో చెప్పే సంఖ్య రానేరాదు. ఏది నొక్కినా 229 అనే వస్తుంది. అక్షరం ఇంకా కూర్పులో ఉంది, ఆగు అని దాని అర్థం. ఆగకుండా ఎంటర్ మీటను పట్టుకుని ఫారం పంపేసే ప్రోగ్రాములున్నాయి. మనిషి మాట ఎంచుకోవడానికి ఎంటర్ నొక్కితే సగం పేరుతో దరఖాస్తు వెళ్ళిపోతుంది!

నా అభిప్రాయం ఒక్కటే. పేరు, ఊరు, ఉత్తరం రాసే చోట మీటలను పట్టుకోవద్దు. అక్షరాలు కూర్చే పనిని సిస్టంకు వదిలేసి, పెట్టెలో పడిన పాఠాన్ని తీసుకోవాలి. తనిఖీ చేయాలంటే రాయడం అయిపోయాక మొత్తం పేరును చేయాలి. షార్ట్‌కట్‌లకు, ఆటలకు మాత్రం మీటల ఈవెంట్లు ఉండనే ఉన్నాయి.

ఇప్పుడు నేను ఏ ఫారం తయారుచేసినా మొదట అందులో 'స్త్రీ' అని కొడతాను. తరువాత బ్యాక్‌స్పేస్ ఒక్కసారి నొక్కి, గుడి దీర్ఘం ఒక్కటే పోయిందా, అక్షరం మొత్తం పోయిందా చూస్తాను. ఆ తరువాతే వేరే పని.