డోర్నకల్ బిషప్ తెల్లదొరల చేతి మనిషి కాదు

సంపాదకులకు,

ఖమ్మం పొరుగునే ఉన్న డోర్నకల్ బిషప్ వి.ఎస్. అజరయ్యను తెల్లదొరల చేతి మనిషిగా చూపిన మీ వ్యాసంతో ఏకీభవించలేను. 1912లో కలకత్తాలో ఆయనకు అభిషేకం చేసింది ఆంగ్లికన్ సంఘమే, నిజం. కానీ 1903లోనే భారతీయుల డబ్బుతో, భారతీయుల నిర్వహణలో నడిచే మిషనరీ సంఘాన్ని తిరునెల్వేలిలో నెలకొల్పినవారిలో ఆయన ఒకరు. తెల్ల మిషనరీలు మనవాళ్లను స్నేహితులుగా చూడడం లేదని 1910 ఎడిన్‌బరో మిషనరీ సభలో వాళ్ల ఎదుటే చెప్పారు. చేతి మనిషి అలా మాట్లాడగలడా?

తమిళుడు, బయటివాడు అన్న ఆక్షేపణా నిలవదు. ఏడో శతాబ్దంలో ఇంగ్లండుకు వచ్చిన ఐరిష్ సన్యాసి, బిషప్ ఐడన్ కూడా బయటివాడే. ఊరూరా నడిచి జనంలో కలిశాడు. ఈస్టర్ తేదీ లెక్కలో ఆయన్ని తప్పుపట్టిన చరిత్రకారుడు బీడ్ సైతం ఆ జీవితాన్ని మెచ్చుకున్నాడు. అలాగే అజరయ్య కూడా తెలుగు నేర్చి పల్లెలు తిరిగారు. 1939లో ప్రతిష్ఠించిన డోర్నకల్ కెథడ్రల్‌లో గుడి స్తంభాల పోలిక, మసీదు గుమ్మటాల పోలిక రెండూ కనిపిస్తాయి. వ్యాసకర్త ఒకసారి అక్కడికి వెళ్లి చూసి, తన తీర్పును సవరించుకోవాలని మనవి.

— ఒక పాఠకుడు, భద్రాచలం