ఒళ్లో యుద్ధనౌక

"అలవాటైపోతుందిలే."

ఈ మాట ఎన్నిసార్లు విన్నానో లెక్క లేదు. పన్నెండేళ్లకు వీపుమీద హుక్కులు కోస్తున్నాయని ఏడిస్తే అమ్మ అంది. అత్తగారింట్లో నాకు మరీ ఎత్తయిన వంటగట్టు దగ్గర మడమలెత్తి నిలబడి కూర కలుపుతుంటే తోడికోడలు అంది. ఆర్టీసీ బస్సులో పైనున్న రాడ్డు అందక వేళ్లాడుతుంటే కండక్టరు నవ్వుతూ అన్నాడు. చివరిసారిగా, యాభై దాటాక, హైదరాబాదులో ఒక వాద్యాల షాపులో విన్నాను. ఈసారి ఆ మాట నాకు కాదు, పద్నాలుగేళ్ల మా మేనకోడలికి.

"ఇదే స్టాండర్డ్ సైజు మేడమ్. మొదట్లో భుజం నొప్పి అందరికీ ఉంటుంది. పాపకి అలవాటైపోతుందిలెండి" అన్నాడు షాపతను. అన్నది మేడమ్ అనే గానీ చూసింది మాత్రం నా పక్కనున్న మా ఆయన వైపు. ఆయనకు గిటార్‌కీ గోనెసంచికీ తేడా తెలియదు పాపం!

నేను ఆ గిటార్‌ని కౌంటర్ మీద పెట్టేసి పిల్లని తీసుకుని బయటికొచ్చాను. ఎందుకంటే ఆ కథ చివర ఏమవుతుందో నాకు తెలుసు.

1991, బెజవాడ. ఇళయరాజా పాటల్లో గిటార్ బిట్లు విని మా అన్నయ్య ఒక గిటార్ కొనుక్కున్నాడు. మూడు నెలలకు మోజు తీరి బీరువా మీద పెట్టేశాడు. నేను దించాను. ట్యూషన్‌కి అని చెప్పి మాస్టారి దగ్గరకు వెళ్లేదాన్ని. ఆ పెట్టె మీదుగా కుడిచెయ్యి వేస్తే భుజం చెవిదాకా లేచేది. పెట్టె అంచు రొమ్ము కింద ఒరుసుకునేది. మెట్లు కనబడాలంటే మెడ వంచి తొంగి చూడాలి. చూపుడువేలు ఆరు తీగల మీదా పడుకోబెట్టి పట్టే ఎఫ్ కార్డ్ ఉందే, అది నాకు ఎనిమిది నెలల్లో ఒక్కసారి కూడా పలకలేదు.

"చేతులు చిన్నవమ్మా. ఆడపిల్లలకి వీణ బాగుంటుంది తల్లీ" అన్నారు మాస్టారు. చాలా మంచాయన. అందుకే ఆ మాట అంత లోతుగా దిగింది. చెడ్డవాడు అంటే ఎదిరించేదాన్నేమో. గిటార్ మళ్లీ బీరువా ఎక్కింది. నేను పెళ్లిపీటలెక్కాను. ముప్పై ఏళ్లపాటు "నా చేతులు చిన్నవి" అనే నిజాన్ని మోసుకు తిరిగాను.

అది నిజమేనా? వీణనే తీసుకోండి. నాలుగడుగులకు పైన పొడవు. గిటార్ కంటే పెద్ద వాద్యం. గమకం పలికించాలంటే మెట్టు మీద తీగను పక్కకు లాగి పై స్వరాలదాకా తీసుకెళ్లాలి. వేళ్లు కోసుకుపోయి కాయలు కాస్తాయి. అయినా శతాబ్దాలుగా ఆడవాళ్లు వాయిస్తూనే ఉన్నారు. వీణ ధనమ్మాళ్ చేతులు చిన్నవా పెద్దవా అని ఎవరూ కొలవలేదు. అంటే మాస్టారి మాట నా చేతి కొలత గురించి కాదు. ఆడపిల్ల ఎక్కడ కూర్చుని ఏం వాయించాలన్న దాని గురించి. ఇబ్బంది నా శరీరంలో లేదు, ఆ పెట్టె ఆకారంలో ఉంది. కానీ పెట్టెను అనుమానించాలని నాకు గానీ మాస్టారికి గానీ తోచలేదు. స్టాండర్డ్ అన్నారు కదా మరి!

ఆ ఆకారానికి ఒక పేరుందని ఇప్పుడు తెలిసింది. డ్రెడ్‌నాట్. 1906లో బ్రిటన్ సముద్రంలోకి దించిన యుద్ధనౌక పేరది. దేనికీ జంకనిది అని అర్థం. 1916లో అమెరికాలోని మార్టిన్ కంపెనీ, ఆలివర్ డిట్సన్ అనే వాద్యాల వ్యాపార సంస్థ కోసం భారీ గిటార్ ఒకటి చేసి దానికి ఆ నౌక పేరు పెట్టింది. 1931 నుంచి తన సొంత పేరు మీద అమ్మింది. కింది భాగం పదిహేనున్నర అంగుళాలకు పైన వెడల్పు, లోతు దాదాపు ఐదంగుళాలు. ఎందుకంత పెద్దది? చప్పుడు కోసం. గాయకుల గొంతుల మధ్య, బాంజోలూ ఫిడేళ్ల మధ్య గిటార్ వినబడాలి. చేతిలో ఇప్పటిలా మైకులు లేవు. ఆ కాలానికి అది సరైన జవాబే. కాదనను. కానీ నూరేళ్ల కిందటి అవసరానికి పుట్టిన ఒక కొలత, ఆ అవసరం తీరిపోయాక కూడా, ఒంటరిగా పడగ్గదిలో కూర్చుని కూనిరాగం తీసుకునే ఆడపిల్ల ఒళ్లోకి స్టాండర్డ్ అనే పేరుతో ఎలా వచ్చి కూర్చుంది?

దానికి ముందు ఉన్నవి ఏమిటి? మార్టిన్ లెక్కలో జీరో అంటే పదమూడున్నర అంగుళాల వెడల్పు. డబుల్ జీరో పద్నాలుగు చిల్లర. 1902లో వచ్చిన ట్రిపుల్ జీరో పదిహేను. వీటికి వాళ్లు పెట్టుకున్న పేర్లు వినండి: కాన్సర్ట్, గ్రాండ్ కాన్సర్ట్, ఆడిటోరియం! సభ నిండా వినబడాలని ఆడిటోరియం అని పేరు పెట్టిన వాద్యం ఇప్పుడు మన షాపుల్లో చిన్న సైజు, లేడీస్ సైజు అయి కూర్చుంది. ఇంకో సంగతి. ఈనాడు స్టీలు తీగల గిటార్లు దాదాపు అన్నిటి లోపలా ఇంగ్లీషు ఎక్స్ అక్షరంలా అడ్డపట్టీలుంటాయి. తీగల లాగుడుకి పైచెక్క విరిగిపోకుండా కాపాడేవి అవే. ఇప్పటికి తెలిసిన మార్టిన్ గిటార్లలో ఆ బిగింపు ఉన్న అతి పాతది 1843 నాటిది. అది మదామ్ దె గోని అనే స్పెయిన్ విద్వాంసురాలి కోసం చేసింది. ఒక స్త్రీ కోసం చేసిన పని అన్ని గిటార్లకూ వెన్నెముక అయింది. అయినా ఈరోజు స్త్రీకి ఈ వాద్యం పొసగదట!

మన సినిమా కవులకు గిటార్ అనగానే ఆడదాని నడుము గుర్తొస్తుంది. డ్రెడ్‌నాట్‌కి ఆ నడుమే సరిగా ఉండదు. అక్కడ అది వెడల్పు. అందుకే తొడ మీద పైకి లేచి కూర్చుంటుంది, చేతిని కూడా పైకి లేపుతుంది. చిన్న గిటార్‌కి నడుం దగ్గర లోతైన వంపు ఉంటుంది కాబట్టి తొడ మీద కిందికి దిగి కుదురుగా కూర్చుంటుంది. వర్ణించడానికి ఆడదాని ఒళ్లు కావాలి, వాయించుకోడానికి ఆడదాని ఒడి లెక్కలోకి రాకూడదు. ఇదీ వరస.

మగవాళ్లు చిన్న గిటార్ పట్టుకుంటే ఏమవుతుందో చూడండి. బ్లూస్ గాయకుడు రాబర్ట్ జాన్సన్ ఫొటోలో ఉన్నది గిబ్సన్ వాళ్ల చిన్న గిటారే. 1992లో ఎరిక్ క్లాప్టన్ కుర్చీలో కూర్చుని ప్రపంచాన్ని కదిలించింది ట్రిపుల్ జీరోతో. ఎడ్ షీరన్ అయితే మార్టిన్ పిల్లగిటార్ వేసుకుని స్టేడియాల్లో నిలబడ్డాడు. వాళ్లని చూసి చేతులు చిన్నవి పాపం అని ఎవరన్నారు? వాళ్లది అభిరుచి, మనది అశక్తత!

ఇక్కడ నా స్నేహితురాళ్లు ఇద్దరు నన్ను ఆపారు. వాళ్ల మాటా చెప్పాలి.

మొదటామె అంది: "స్త్రీల చేతులు చిన్నవి అని నువ్వే ఒప్పుకుంటున్నావుగా? మేబెల్ కార్టర్ పెద్ద గిబ్సన్ వాయించి గిటార్ వాయించే పద్ధతినే మార్చలేదా?" మార్చింది. నేను స్త్రీల చేతులు అనడం లేదు. నా భుజం అంటున్నాను. పొట్టిగా ఉన్న మగపిల్లవాడూ ఈ నౌక కింద నలుగుతాడు, పొడుగాటి ఆడపిల్ల దాన్ని అవలీలగా ఏలుతుంది. నాకు కావాల్సింది ఆడవాళ్ల గిటార్ కాదు. ఒక కొలతను మనిషి అనీ మిగతావాటిని లోపం అనీ పిలవడం ఆగాలి. జాకెట్టు చంకలో అరంగుళం తేడా వస్తే టైలరుతో పోట్లాడతాం. టైలరు మనతో "మీ చెయ్యి తప్పు" అనడు. మన కచేరీల్లో హెచ్చు శ్రుతికి పాడేవాళ్లకు పొట్టి మృదంగం పట్టుకొస్తారు. దాన్ని సగం మృదంగం అని ఎవరూ ఎగతాళి చెయ్యరు.

రెండో ఆమె ఇంకా గట్టిగా అంది: "దేశంలో ఆడవాళ్లకు ఇన్ని కష్టాలుంటే నీకు గిటార్ సుఖం కావాల్సొచ్చిందా?" ఆమెకు నేను ఎలిజబెత్ కాటన్ గురించి చెప్పాను. 1893లో అమెరికాలో నార్త్ కరొలినాలో పుట్టిన నల్లజాతి స్త్రీ. చిన్నపిల్లగా ఇళ్లల్లో పాచిపని చేసి కూడబెట్టి 3.75 డాలర్లకు గిటార్ కొనుక్కుంది. ఎడమచేతివాటం. కుడిచేతి గిటార్‌నే తిరగేసి పట్టుకుని తనదైన వాయింపు కనిపెట్టుకుంది. పెళ్లయింది, చర్చివాళ్లు ఆ పాటలు వద్దన్నారు, గిటార్ ఆగిపోయింది. దశాబ్దాలు ఆగిపోయింది. తర్వాత సీగర్ కుటుంబం ఇంట్లో పనికి కుదిరి, అక్కడ గోడకున్న గిటార్ తీసి మళ్లీ మొదలుపెట్టింది. మొదటి రికార్డు 1958లో, అరవై దాటాక. 1985లో గ్రామీ. ఇంట్లో పనిచేసే మనిషికి పాట అక్కర్లేదని ఎవరు చెప్పారు? ఆమె వంగింది కదా, తిరగేసి వాయించింది కదా అంటారేమో. ఆమె గొప్పతనానికి దండం పెడతాను. కానీ ఆ గొప్పతనాన్ని చూపించి మిగతా ఆడపిల్లలందరినీ వంగమనడం మాత్రం నాకు సమ్మతం కాదు. మధ్యలో పోయిన ఆ దశాబ్దాల పాటలు ఎవరు తిరిగిస్తారు?

కోపం తీర్చుకోడానికే అయితే ఇంత రాయక్కర్లేదు. కొనబోయే అక్కచెల్లెళ్లకు నేను నేర్చుకున్నది చెప్తాను. మేనకోడలితోపాటు నాకూ కావాలి. ఎందుకంటే నా కుడిభుజం రెండేళ్ల కిందట బిగుసుకుపోయి, ఫిజియోథెరపీతో సగమే తిరిగొచ్చింది.

చేతుల్లేని కుర్చీ అడిగి కూర్చోండి. నిలబడి చూసి కొనకండి. ఇరవై నిమిషాలు ఒళ్లో పెట్టుకోండి. మీ భుజం లేస్తోందా, చంకలో అంచు కోస్తోందా, రొమ్ము నలుగుతోందా, చూసుకోండి. ఈ మూడో ప్రశ్న ఏ షాపతనూ అడగడు, మనమే అడుక్కోవాలి. వెడల్పు కన్నా లోతు ఎక్కువ బాధిస్తుంది. ఐదంగుళాలకీ నాలుగు చిల్లరకీ ఉన్న తేడా భుజానికి తెలుస్తుంది.

తర్వాత తీగ పొడవు. మామూలుగా 25.4 అంగుళాలు. ట్రిపుల్ జీరోలు చాలావాటిలో 24.9. అర అంగుళమే కదా అనుకోవద్దు. అవే తీగలు, అదే శ్రుతి అయితే బిగువు నాలుగు శాతం తగ్గుతుంది. 24 అంగుళాలదైతే పది శాతానికి పైనే తగ్గుతుంది. మెట్ల మధ్య దూరమూ తగ్గుతుంది.

ఎఫ్ కార్డ్ పలకకపోతే వెంటనే మీ వేలిని తిట్టుకోకండి. మొదటి మెట్టు మీద కేపో బిగించి, దాని తర్వాతి మెట్టు మీద అదే ఆకారం పట్టండి. ఒక్కసారిగా సులువైపోయిందా? అయితే బిరడల వైపున్న నట్ గాళ్లు ఎత్తుగా ఉన్నాయన్నమాట. రిపేరు తెలిసినవాడు పది నిమిషాల్లో ఆకురాయితో సరిచేస్తాడు. పన్నెండో మెట్టు దగ్గర లావు తీగ కింద ఖాళీ రెండున్నర మిల్లీమీటర్లు దాటితే దాన్నీ తగ్గించమనండి. పన్నెండో నంబరు తీగలకు బదులు పదకొండో, పదో వేయించుకోండి. ఈ పరీక్ష చేసిన రోజు రాత్రి నాకు నిద్ర పట్టలేదు. అన్నయ్య గిటార్ తీగలు చిటికెనవేలు దూరేంత ఎత్తున ఉండేవి. పది నిమిషాల ఆకురాయి పనికి నేను ముప్పై ఏళ్లు కట్టాను!

ఇక నాదం. చిన్నది సన్నగా పలుకుతుందంటారు. చాలాసార్లు అది చిన్నదవడం వల్ల కాదు, ప్లైవుడ్ అవడం వల్ల. పైచెక్క ఒకే పలక స్ప్రూస్‌దో సీడర్‌దో కావాలని అడగండి. షాపులో ఎవరిచేతనైనా వాయించమని మీరు ఎదురుగా నిలబడి వినండి. గిటార్ ముందుకు పలుకుతుంది, వాయించేవాళ్లకు తక్కువే వినబడుతుంది. మెల్లగా మీటి చూడండి. మంచి చిన్న గిటార్ మెల్లగా మీటినా నోరు విప్పుతుంది, తీగ తీగా విడివిడిగా మాట్లాడుతుంది. మంద్రంలో ఆ గుండెలదిరే మోత మాత్రం రాదు. పదిమంది మధ్య గట్టిగా బాదే పని ఉంటే పెద్దదే తీసుకోండి. అబద్ధం చెప్పి కొనిపించడం నా ఉద్దేశం కాదు.

గులాబీ రంగు గిటార్ చూపిస్తే మాత్రం లేచి వచ్చెయ్యండి. స్టాండర్డ్ ఎంత అవమానమో, నాసిరకం చెక్కకు రంగేసి ఆడపిల్లలకు అని అంటగట్టడమూ అంతే అవమానం.

మేం నాలుగు షాపులు తిరిగి ఒక డబుల్ జీరో కొన్నాం. మా ఆయన కుర్చీ మోశాడు. రెండో నెలలో పిల్ల ఎఫ్ కార్డ్ పట్టింది. రెండు తీగలు బుర్రుమన్నాయి, నాలుగు పలికాయి. "అత్తా, నీది రా!" అని గిటార్ నా ఒళ్లో పెట్టింది. నా భుజం దాని మీదకు దిగింది. లేవలేదు, దిగింది.

గిటార్ నేర్పే మాస్టార్లకు ఒక్క మనవి. ఆడపిల్ల నొప్పి అంటే ముందు వాద్యాన్ని కొలవండి, తర్వాత పిల్లని కొలుద్దురుగాని. ఆ పిల్ల అమ్మలకూ అత్తలకూ ఇంకో మనవి. "అలవాటైపోతుందిలే" అనే మాట మన నోటి చివరిదాకా వస్తుంది. మనకు అలవాటే కదా! దాన్ని అక్కడే ఆపేద్దాం.