నియమం నిద్రలేచే వేళ

ఉద్యోగుల దుస్తులపై నియమం పెట్టే హక్కు యజమానికి ఉంది. దాన్ని తనకు నచ్చినప్పుడే బయటికి తీసే హక్కు మాత్రం లేదు. 2020లో పోలీసు చేతిలో నల్లజాతీయుడు జార్జ్ ఫ్లాయిడ్ హత్య తర్వాత అమెరికాలోని హోల్ ఫుడ్స్ కిరాణా దుకాణాల సిబ్బంది కొందరు ‘బ్లాక్ లైవ్స్ మ్యాటర్’ (నల్లజాతీయుల ప్రాణాలకూ విలువుంది) అన్న నినాదమున్న మాస్కులు పెట్టుకొస్తే సంస్థ ఇళ్లకు పంపేసింది. నినాదాలు, లోగోలు కూడదన్న నియమం ముందే ఉన్నా, క్రీడాజట్ల గుర్తులను అంతకుముందు ఎవరూ అడ్డుకోలేదంటూ ఉద్యోగులు కోర్టుకెక్కారు. ఇది జాతివివక్ష అన్న వాదనను 2022లో అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. చట్టం ప్రకారం అది సరే కావచ్చు, న్యాయంగా మాత్రం తోచదు.

కొనుగోలుదారులు నొచ్చుకుంటారనీ, ఒకదాన్ని అనుమతిస్తే రేపు ద్వేష నినాదాలనూ భరించాలనీ యజమానులంటారు. ఆ భయం నిజమైనదే. అందుకే నియమం మొదటిరోజు నుంచీ ప్రతి గుర్తుకూ వర్తించాలి. ఒక్క నినాదం కనబడగానే గుర్తొచ్చే నియమం పక్షపాతమే.