జామ బిళ్ళ... నోటికి తీపి, కడుపుకి హాయి!

పెదకాకాని మల్లేశ్వరస్వామి గుడికి వెళ్ళొచ్చేవారైనా, గుంటూరు - విజయవాడ బస్సు కోసం నిలబడ్డవారైనా తోపుడుబండి మీద పచ్చని జామకాయలు కనబడితే ఆగకుండా ఉండలేరు. కాయను నాలుగు పక్షాలుగా కోసి, మధ్యలో ఉప్పూ కారం అద్దించుకుని తింటే ఆ రుచే వేరు. కానీ బాగా పండి మెత్తబడ్డ జామకు అంత గిరాకీ ఉండదు. సంచి అడుగున నలిగిన నాలుగు పళ్ళు చివరికి చెత్తబుట్టకే. జెల్లీ బిళ్ళలకు అవే కావాలి!

పండుని మిఠాయిగా దాచుకోవడం మనకు కొత్త కాదు. ఆత్రేయపురం మామిడి తాండ్ర, రేగు వడియాలు, బస్టాండుల్లో అమ్మే అల్లం మొరబ్బా... అన్నీ ఆ కోవలోవే. మొరబ్బాలోని కిటుకునే జామకి జోడిస్తే పిల్లలు ఇష్టంగా తినే బిళ్ళలు తయారవుతాయి.

బజారులో దొరికే సాగే జెల్లీల్లో చాలావాటికి ఆ గుణం జెలటిన్ వల్ల వస్తుంది. అది పశువుల చర్మం, ఎముకల నుంచి తీసేది. శాకాహారులు ప్యాకెట్ మీది గుర్తు చూసుకోవాలి. జామకి ఆ అవసరమే లేదు. అందులో పెక్టిన్ అనే పీచు సహజంగానే ఉంటుంది. పంచదార, పులుపు తోడై వేడి తగిలితే అదే గట్టిపడుతుంది. దోరకాయలో పెక్టిన్ ఎక్కువ, మాగిన పండులో వాసన ఎక్కువ. అందుకే మూడు పళ్ళకి ఒక దోరకాయ కలుపుకుంటే రెండూ దక్కుతాయి.

కావలసినవి: జామపళ్ళు కిలో, పంచదార (గుజ్జు కప్పుకి ముప్పావు కప్పు), నిమ్మకాయలు రెండు, శొంఠిపొడి చెంచా, వేయించిన జీలకర్ర పొడి అరచెంచా, ఉప్పు చిటికెడు, నెయ్యి రెండు చెంచాలు.

తయారుచేసే విధానం: పళ్ళు కడిగి ముక్కలు కోసి, రెండు కప్పుల నీళ్ళలో మెత్తగా ఉడికించాలి. చల్లారాక జల్లెడలో రుద్దితే గింజలు పైన, గుజ్జు కింద మిగులుతాయి. పలచటి గుడ్డలో వడకడితే జెల్లీ అద్దంలా మెరుస్తుంది కానీ పీచు చాలామటుకు గుడ్డలోనే ఉండిపోతుంది. కాబట్టి జల్లెడే మేలు. గుజ్జును కొలిచి, అడుగు మందంగా ఉన్న గిన్నెలో పంచదారతో కలిపి సన్నని సెగన పెట్టాలి. ముప్పావుగంట దాకా పడుతుంది. చిక్కబడేకొద్దీ చిట్లి చేతుల మీద పడుతుంది, పొడవాటి గరిటె వాడండి. చన్నీళ్ళలో చుక్క వేస్తే కరగకుండా ఉండకట్టాలి. అప్పుడు నిమ్మరసం, శొంఠి, జీలకర్ర, ఉప్పు కలిపి మరో రెండు నిమిషాలుంచి, నెయ్యి రాసిన పళ్ళెంలో అర అంగుళం మందాన పరచాలి. రాత్రంతా ఆరనిచ్చి మర్నాడు చిన్న ముక్కలు కోసుకోవాలి. తడిలేని డబ్బాలో వారం, ఫ్రిజ్‌లో నెల నిలవుంటాయి.

మరి అరుగుదల సంగతి? వంద గ్రాముల జామపండులో సుమారు 5 గ్రాముల పీచు ఉంటుంది. పెక్టిన్ పేగుల్లోని మేలుచేసే సూక్ష్మజీవులకి ఆహారమవుతుంది. శొంఠి వికారాన్ని తగ్గిస్తుంది. అంతవరకూ నిజమే. అయితే పది గ్రాముల బిళ్ళలో పీచు అర గ్రాము కూడా ఉండదు, పంచదార మాత్రం ఆరు గ్రాముల పైమాటే! పైగా ఉడికిస్తే సి విటమిన్ కొంత పోతుంది. కాబట్టి ఇది మందు కాదు, భోజనమయ్యాక ఒకటి నోట్లో వేసుకునే మంచి మిఠాయి. మలబద్ధకానికి అసలు విరుగుడు పండుని పండుగా తినడం, నీళ్ళు బాగా తాగడం. మధుమేహం ఉన్నవారు వీటి జోలికి పోకపోవడమే మంచిది. ఎన్నాళ్ళకీ తగ్గని మలబద్ధకం, మలంలో రక్తం, ఉన్నట్టుండి బరువు తగ్గడం వంటివి కనిపిస్తే వంటింటి చిట్కాలు ఆపి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి.

తల్లులు మరవకూడని మాట ఇంకోటి. జారుడుగా ఉండే జెల్లీ చిన్నపిల్లల గొంతుకి అడ్డం పడుతుంది. కొంజాక్ అనే దుంప పిండితో చేసిన జెల్లీలు గొంతులో ఇరుక్కుని పిల్లలు చనిపోవడంతో, 2002లో యూరోపియన్ యూనియన్ జెల్లీ మిఠాయిల్లో దాని వాడకాన్ని నిలిపేసింది. మన జామ బిళ్ళ అంత గట్టిది కాకపోయినా జాగ్రత్త జాగ్రత్తే. అయిదేళ్ళలోపు వాళ్ళకి బిళ్ళలు వద్దు, మెత్తని జామ గుజ్జు పెట్టండి. పెద్దపిల్లలకైనా శనగగింజంత ముక్కలు కోసి, కూర్చోబెట్టి తినిపించండి. పరుగులు పెడుతూ, నవ్వుతూ తిననివ్వకండి.

ఈ ఆదివారం సంచి అడుగున మెత్తబడ్డ పళ్ళున్నాయేమో చూడండి. బిళ్ళలు చేస్తే చేశారు, ముందు బాగున్న ఒక పండు కోసి ఇంటిల్లిపాదీ పంచుకోండి!