కరువొచ్చినా కట్టేది మేమే

మొన్న కళ్యాణదుర్గం బస్టాండు కాడ టీ తాగుతాంటే పక్కనున్నాయన గట్టిగానే అన్నాడు: "మేం ట్యాక్సులు కడతాంటే వీళ్లు ఉచితాలు తింటాండారు." పింఛను తీసుకోనొచ్చిన ముసలాయన ఒకాయన ఆ మాటిని తల దించుకున్నాడు. ఆయప్ప ట్యాక్సు కట్టలేదా? లెక్క తీద్దాం పాండి.

సెనక్కాయ ఎయ్యాలంటే దుక్కి దున్నాల. ట్రాక్టరు బాడుగలో డీజిలు ఖర్చుంటాది. మన రాష్ట్రంలో డీజిలు మీద 22.25 శాతం వ్యాటు, దాని మీద లీటరుకు 4 రూపాయలు, రోడ్డు సెస్సు ఇంకో రూపాయి. కేంద్రం ఎక్సైజు వేరే. 2020లో ప్రపంచమంతా చమురు ధర పడిపోతే, ఆ మేలు మనదాకా రానీకుండా మే నెలలో ఒకేసారి లీటరు డీజిలుకు 13 రూపాయలు పెంచినారు. ఎరువు మీద జీఎస్టీ 5 శాతం, రసాయన పురుగుమందు మీద 18. అంగడాయన తను కట్టిన జీఎస్టీని అమ్మకంలో తగ్గించుకుంటాడు. రైతుకు ఆ దారి లేదు.

ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన పడే సీమ మనది. ఊడలు దిగేటప్పుడు వాన మొగం చాటేస్తే చెట్టుంటాది, కాయుండదు. కాయ రాకపోయినా కట్టిన పన్ను పోయినట్లే.

ఇప్పుడు ఏడాదికి పైగా షేర్లు పెట్టుకోని అమ్మినాయన్ను చూడండి. లాభంలో 1.25 లక్షల దాకా పన్నే లేదు. ఆపైన 12.5 శాతం. నష్టమొస్తే, దాన్ని ఎనిమిదేండ్ల దాకా ముందుకు తీసుకుపోయి తర్వాతి లాభంలో తగ్గించుకోవచ్చు. షేర్ల కరువు చట్టానికి కనపడింది, సేద్యం కరువు కనపడలేదు.

పైవాళ్లకు తగ్గించిన జాబితా పెద్దదే. 2015 బడ్జెట్లో సంపద పన్ను ఎత్తేసినారు. 2019 సెప్టెంబరులో కంపెనీల పన్ను 30 నుంచి 22 శాతానికి దించినారు. దాని వల్ల ఏడాదికి పోయేది 1.45 లక్షల కోట్లని ప్రభుత్వమే చెప్పింది. ఆ ఏడాది బడ్జెట్లో ఉపాధి హామీకి పెట్టింది 60 వేల కోట్లు. 2023లో 5 కోట్లు దాటిన ఆదాయం మీద సర్‌చార్జీని కొత్త విధానంలో 37 నుంచి 25కు తగ్గించినారు. వీటిని మాత్రం ఎవరూ ఉచితాలనరు, ప్రోత్సాహకాలంటారు.

ధనవంతులు అసలు కట్టరా అంటే, కడతారు. ఆదాయపు పన్నులో పెద్ద భాగం వాళ్లదే. అయితే దేశం సంపదలో 40 శాతం పైనున్న ఒక్క శాతం మంది చేతిలో ఉందని వరల్డ్ ఇనీక్వాలిటీ ల్యాబ్ 2024లో లెక్క చెప్పింది. ఆ సంపద మీద పన్ను సున్నా.

"రైతుకు ఆదాయపు పన్నే లేదు కదా" అంటారు. మాకు మిగిలితే కదప్పా, పన్ను! ఆ మినహాయింపుతో బాగుపడేది పెద్ద పెద్ద ఆదాయాలను సేద్యం కింద చూపించేవాళ్లు. సరైన కాగితాలు లేకుండానే అట్లాంటివి కొన్నింటిని ఒప్పుకున్నారని 2019లో కాగ్ తప్పుపట్టింది. మా కరువు పేరు చెప్పి వాళ్లు తప్పించుకుంటాండారు.

దత్తమండలాలకు కలెక్టరుగా వచ్చిన మన్రో దొర సర్వే చేయించి, శిస్తు నూటికి 25 తగ్గించాలని 1807లో పైకి రాసినాడు. ఆయన చూసింది కంపెనీ ఖజానానే. అయినా కట్టేవాని బలం చూసి పన్నెయ్యాలని ఆయనకు తెలిసింది.

మేమడిగేది మూడే. పెట్టుబడి మీద కట్టిన జీఎస్టీని రైతుకు తిరిగియ్యండి. వందల కోట్ల ఆస్తుల మీద సంపద పన్ను మళ్లీ తెండి. కోట్లలో సేద్యం ఆదాయం చూపించేవాళ్ల పొలాలను పోయి చూడండి.

ఆ పొద్దు ముసలాయన తాగిన టీలో చక్కెర మీద 5 శాతం, టీపొడి మీద 5 శాతం పన్నుంది. తల దించుకోవాల్సినోడు ఆయన కాదు.